చెరసాల బయటి బాల్యం

రాజమహేంద్రవరం పేరు చెప్పగానే చదువుకొన్నవారికి నన్నయభట్టు తలపునకు వస్తాడు. సంఘసంస్కరణ చరిత్ర ఎరిగినవారికి వీరేశలింగం పంతులు జ్ఞాపకం వస్తారు. యాత్రికులకు పుష్కరఘట్టం మనసులో మెదులుతుంది. వీటితోబాటు సామాన్యజనానికి మరొకటి కూడ స్ఫురిస్తుంది. అది సెంట్రల్ జైలు. 1864లో కారాగారంగా ఏర్పడి, 1870లో కేంద్ర కారాగారంగా పెరిగిన ఆ ప్రాకారం లోపల ఎవరెవరు ఉన్నారో లెక్క ఉన్నది. లోపలికి పోయిన ప్రతి మనిషికి ఒక సంఖ్య, అతని కేసుకు ఒక చిట్టా ఉంటాయి. శిక్షపడినవానికి విడుదలకు ఒక తేదీ ఉంటుంది. కాని ఆ ప్రాకారానికి బయట, కోనసీమ లంకగ్రామాలలో, భీమవరం ప్రాంతపు చేపల చెరువుల గట్లమీది పాకలలో, మన్యపు కొండవాలులలో, ఆ మనుషులకోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఎందరో ఏ చిట్టాలోను లేదు.

న్యాయస్థానం ఒక మనిషిని విచారిస్తుంది, ఒక మనిషికే శిక్ష విధిస్తుంది. ఆ శిక్షను అనుభవించేది మాత్రం ఒక ఇల్లు. ఇంటిలో అందరికంటె చిన్నవాడు అందరికంటె ఎక్కువ అనుభవిస్తాడు. ఏ నేరం జరిగినదో, ఎన్నాళ్ళకు ముగుస్తుందో, ఎవరిని అడుగవలెనో అతనికి తెలియదు. ఈ పిల్లల మనఃస్థితిని గూర్చి, వారి సంసారపు కష్టాలను గూర్చి మనదేశంలో జరిగిన ఆలోచన చాల స్వల్పం. జరిగిన ఆ కొద్దిపాటి ఆలోచన కూడ జైలు గోడకు లోపలివైపుననే ఆగిపోయినది.

లెక్కలే ఇందుకు నిదర్శనం. జాతీయ నేరగణాంక సంస్థ ప్రకటించిన వివరాల ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి భారతదేశపు జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో నూటికి 75 మందికి పైగా ఇంకా నేరం రుజువు కాని విచారణఖైదీలు. తమ బిడ్డలను వెంట ఉంచుకొన్న స్త్రీఖైదీలు 1,537 మంది. వారి బిడ్డలు 1,764 మంది. జైలులో ఉన్న పిల్లల సంఖ్యను ఒక్కటి తేడా లేకుండ చెప్పిన ఆ నివేదిక, జైలులో ఉన్నవారికి బయట ఎందరు పిల్లలున్నారో చెప్పదు. ఖైదీలలో సగంమందికి ఒక్కొక్క బిడ్డ ఉన్నాడని ఊహించినా ఆ సంఖ్య రెండున్నర లక్షలు దాటుతుంది. ఇది ఊహ మాత్రమే. నిజం ఇంతకంటె పెద్దది కావచ్చును. అమెరికాలో 2010లో ఒక పరిశోధనసంస్థ ఈ లెక్క వేసి, 27 లక్షలమంది పిల్లల తల్లియో తండ్రియో చెరలో ఉన్నారని తేల్చినది. ప్రతి 28 మంది పిల్లలలో ఒకరన్నమాట. లెక్క తేలిన తరువాతనే ఆ దేశంలో చర్చ బలపడినది. లెక్కకు రాని దుఃఖానికి పరిష్కారం ఉండదు.

గోడలోపలి పిల్లలను గూర్చి జరిగిన ఆలోచనకు ముఖ్యమైన ఆధారం 2006 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పు. ఆ కేసు పేరు 'ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం'. 1994లో దాఖలైన ఆ వ్యాజ్యం తెలుగువారి రాష్ట్రం పేరుమీదనే చరిత్రకెక్కినది. తల్లితోబాటు జైలులో ఉన్న బిడ్డను ఖైదీగా చూడరాదని, బిడ్డకు ఆహారం, వైద్యం, వస్త్రం, విద్య, ఆటపాటలు హక్కుగా లభించవలెనని ఆ తీర్పు శాసించినది. మూడేండ్ల లోపు పసివారికి శిశుశాల, ఆ పైన ఆరేండ్లవరకు బాలవిహారం ఉండవలెనన్నది. అన్నింటికంటె సున్నితమైన ఆదేశం మరొకటి ఉన్నది. జైలులో ఉన్న స్త్రీకి కాన్పు అయితే, బిడ్డ జననపత్రంలో జైలు పేరు వ్రాయరాదు. ఆ పేట చిరునామా మాత్రమే వ్రాయవలె. పుట్టుకతోనే ఒక ముద్ర వేయరాదని న్యాయమూర్తులు గ్రహించినారు.

ఈ గ్రహింపు మన సంస్కృతికి కొత్తది కాదు. భాగవతం ఎరిగిన ప్రతి తెలుగు బాలునికి చెరసాలలో పుట్టిన ఒక శిశువు కథ తెలుసు. దేవకీవసుదేవులు సంకెళ్ళలో ఉండగా ఆ బిడ్డ నందుని ఇంటికి చేరినాడు. యశోద పాలిచ్చినది. వ్రేపల్లె అంతా తమవాడనుకొన్నది. చెరలో ఉన్నవారి బిడ్డను ఊరు పెంచితే ఏమవుతుందో ఆ కథ చెబుతున్నది. ఆ పిల్లవాడే పెరిగివచ్చి తలిదండ్రుల సంకెళ్ళు విడిపించినాడు. ఈనాటి ఖైదీబిడ్డకు నందుని వంటివారు దొరుకుతారా అన్నదే ప్రశ్న.

ఆ తీర్పు ప్రకారం బిడ్డకు ఆరేండ్లు నిండగానే తల్లినుండి వేరుచేయవలె. తల్లి కోరిన బంధువులకు అప్పగించడమో, సంక్షేమశాఖవారి గృహానికి పంపడమో జరుగుతుంది. జైలులో బాల్యం గడువరాదన్న సదుద్దేశంతో గీచిన గీత అది. కాని బిడ్డ దృష్టితో చూస్తే, ఆ దినం తనను అరెస్టు చేసి బయటికి పంపిన దినం. అందుచేతనే సాధ్యమైనంతవరకు జైలు ఉన్న పట్టణానికి దూరంగా పంపరాదని, వారానికి ఒకసారియైనా తల్లిని చూడనివ్వవలెనని కూడ న్యాయస్థానం చెప్పినది. రాజమహేంద్రవరంలో స్త్రీలకు ప్రత్యేక కారాగారం ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఇట్టివి బహు కొద్ది. కనుక దూరపు జిల్లాల తల్లులు ఇక్కడికి వస్తారు. వారి బిడ్డలు దూరపు ఊళ్ళలో అమ్మమ్మల దగ్గరనో, మేనమామల దగ్గరనో మిగులుతారు. వారానికొకసారి అన్న మాట కాగితంమీద ఉంటుంది. బస్సుచార్జీలు ముసలమ్మ కొంగుముడిలో ఉండవు.

ఇంతవరకు చెప్పినది తల్లి చెరలో ఉన్న పిల్లల మాట. ఖైదీలలో అత్యధికులు పురుషులు. వారి పిల్లలు ఏనాడూ జైలు గడప లోపల నివసించరు. అందుచేత పై తీర్పు వెలుగు వారిమీద పడదు. వారి కథ సాధారణంగా ఒక రాత్రివేళ ఆరంభమవుతుంది. తలుపు తట్టిన చప్పుడు, లోపలికి వచ్చిన బూట్లు, తల్లి ఏడుపు, చొక్కా తొడుగుకొంటూ వెళ్ళిపోయిన తండ్రి. తెల్లవారేసరికి ఇల్లు మారిపోతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 2003లో ఖైదీల పిల్లల హక్కులపత్రం ఒకటి తయారైనప్పుడు, అందులో మొట్టమొదటి హక్కుగా వ్రాసినది ఇదే: తల్లినో తండ్రినో నిర్బంధించే సమయంలో బిడ్డను భద్రంగా ఉంచవలె, జరుగుతున్నదేమో చెప్పవలె. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలలహక్కుల ఒడంబడికలో కూడ, నిర్బంధంలో ఉన్న తలిదండ్రుల జాడ బిడ్డకు తెలుపవలెనన్న నియమం ఉన్నది. 1992లో ఆ ఒడంబడికను భారతదేశం అంగీకరించినది.

కాని ఇంటిలో జరిగేది వేరు. బిడ్డకు నిజం చెప్పడానికి పెద్దలకు నోరు రాదు. గోదావరి డెల్టాలో ఒక అబద్ధం చాల సులభంగా అల్లుకొంటుంది. ప్రతి వీధినుండి ఎవరో ఒకరు గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారే కనుక, "మీ నాన్న కువైట్ వెళ్ళినాడు" అంటే నమ్మనివారు ఉండరు. కొన్నాళ్ళు బిడ్డ కూడ నమ్ముతాడు. పక్కింటి కువైట్ తండ్రి ప్రతి శుక్రవారం ఫోనులో ముఖం చూపిస్తాడు, చాక్లెట్లు పంపుతాడు, పండుగకు బట్టలు పంపుతాడు. తన తండ్రి కువైట్ మాత్రం మాటలేని కువైట్. ఒకనాడు బడిలో ఎవడో ఒకడు తగవులాటలో నిజం పలుకుతాడు. అప్పుడు పిల్లవాడు కోల్పోయేది తండ్రిని మాత్రమే కాదు, తల్లి మాటమీది నమ్మకాన్ని కూడ. అబద్ధం చెప్పిన తల్లిని నిందించి లాభం లేదు. ఆమెచేత ఆ అబద్ధం ఆడించినది ఊరు.

ఇక సంసారపు లెక్క. కూలియో, డ్రైవరుపనియో చేసి తెచ్చే సంపాదన ఒక్కసారిగా ఆగిపోతుంది. ఖర్చు మాత్రం పెరుగుతుంది. వకీలు ఫీజు, జామీనుదారులను వెతకడం, వాయిదాలకు తిరగడం, ములాఖత్‌కు పోయిన రోజున కూలి పోవడం. తల్లి రొయ్యల కర్మాగారంలోనో, వరిచేలలోనో దొరికిన పనికల్లా పోతుంది. పెద్దకూతురు బడి మానుకొని చిన్నవారిని చూచుకొంటుంది. తండ్రి లేని ఇంట ఆడపిల్ల భద్రత ఎట్లా అన్న భయంతో, ఒక నోరు తగ్గుతుందన్న ఆశతో, పదునారేండ్లకే ఆమెకు సంబంధం చూచేవారు బంధువులలో ఎప్పుడూ ఉంటారు. తండ్రి తప్పు రుజువు కాకముందే కూతురి చదువునకు శిక్ష అమలవుతుంది. నిరపరాధియని తీర్పు వచ్చినా ఆమె తరగతి ఆమెకు తిరిగి రాదు.

మన్యప్రాంతపు పిల్లల స్థితి ఇంకొక విధం. గంజాయి రవాణా చట్టం చాల కఠినమైనది. 20 కిలోలకు మించిన గంజాయి పట్టుబడితే కనీసశిక్ష పదేండ్లు. బెయిలు దొరకడం కూడ దుర్లభం. సరకు సొంతదారు ఎక్కడో పట్టణంలో ఉంటాడు. మూటమోసినవాడు దొరికిపోతాడు. అతని పిల్లలు ఆశ్రమపాఠశాలలో ఉంటారు. చింతూరు నుండి మారేడుమిల్లి ఘాట్‌రోడ్డు దిగి, రంపచోడవరం మీదుగా రాజమహేంద్రవరం వచ్చి, జాలీకి ఆవలనున్న మనిషిని కొద్దినిమిషాలు చూచి వెనుకకు పోవడం ఒక కోయ తల్లికి ఒక యాత్ర. అట్టి యాత్రలు ఏటా ఎన్ని సాధ్యమవుతాయి? పదేండ్ల శిక్ష ముగిసేసరికి మూడవ తరగతి పిల్లవాడు మీసాలు వచ్చిన యువకుడవుతాడు. తండ్రికి కొడుకు, కొడుకుకు తండ్రి అపరిచితులు.

ఈ పిల్లల మనసులో ఏమి జరుగుతున్నది? మరణం సంభవిస్తే కర్మకాండ ఉన్నది, ఏడ్చేందుకు నలుగురు వస్తారు, పదిరోజులు గడిచేసరికి దుఃఖానికి ఒక రూపం వస్తుంది. జైలు వియోగానికి కర్మకాండ లేదు. మనిషి బ్రతికి ఉన్నాడు, ఇంటిలో లేడు. వస్తాడు, ఎప్పుడో తెలియదు. పాలీన్ బాస్ అనే మనస్తత్వశాస్త్రవేత్త ఇట్టి స్థితికి 'అస్పష్టమైన వియోగం' అన్న అర్థం వచ్చే పేరు పెట్టినది. ముగింపు లేని దుఃఖం కనుక అది మనసులో మాననిపుండుగా ఉండిపోతుంది. కొందరు పిల్లలు రాత్రి ఉలికిపడి లేస్తారు, పక్క తడుపుతారు. కొందరు మౌనం వహిస్తారు. కొందరు కొట్లాటలకు దిగుతారు. తాను అల్లరి చేసినందువల్లనే నాన్న వెళ్ళిపోయినాడని నమ్మే పసివారు కూడ ఉంటారు. తాగివచ్చి తల్లిని కొట్టే తండ్రి జైలుకు పోతే ఇంటికి శాంతి చిక్కుతుంది. కాని శాంతించినందుకు సిగ్గుపడే బిడ్డ ఆ ఇంటిలోనే ఉంటాడు. ప్రేమ, భయం, ఊరట, అపరాధభావం ఒకే చిన్నగుండెలో ఇమడలేక పెనుగులాడతాయి. అమెరికాలో 1998లో వెలువడిన ఒక ప్రసిద్ధ వైద్యపరిశీలన బాల్యంలో కలిగే గాయాలు పెద్దవయసులో శరీరారోగ్యాన్ని సైతం దెబ్బతీస్తాయని చూపినది. ఆ గాయాల జాబితాలో ఇంటిమనిషి జైలుకు పోవడం కూడ ఉన్నది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పిల్లవాని మనసు చెడినది తండ్రి లేనందువల్లనా, తండ్రి నేరప్రవృత్తివల్లనా, లేక తండ్రి జైలులో ఉన్నాడన్న మాటవల్లనా? దీనిని విడదీసి చూచిన పరిశోధన ఒకటి ఉన్నది. లండన్ దక్షిణభాగంలో 411 మంది బాలురను చిన్ననాటినుండి పెద్దవయసువరకు పరిశీలించినారు. జోసెఫ్ మరే, డేవిడ్ ఫారింగ్టన్ అనే పండితులు 2005లో ఆ వివరాలు పరిశీలించి, మరణంవల్లనో రోగంవల్లనో తలిదండ్రులకు దూరమైన పిల్లలకంటె, జైలువల్ల దూరమైన పిల్లలు ఎక్కువ దెబ్బతిన్నారని చూపినారు. తరువాత 2007లో స్టాక్‌హోమ్ నగరపు పిల్లలతో పోల్చిచూచినారు. రెండు బృందాలవారూ 1953 ప్రాంతంలో పుట్టినవారే. స్వీడన్‌లో కూడ ఖైదీల పిల్లలు కొంత వెనుకబడినారు. కాని తలిదండ్రుల నేరచరిత్రను లెక్కలోనికి తీసికొన్న తరువాత, జైలు మూలంగా ప్రత్యేకంగా కలిగిన హాని అక్కడ కనిపించలేదు. అక్కడి శిక్షల కాలం తక్కువ, జైళ్ళు కుటుంబాన్ని దగ్గరకు రానిస్తాయి, పేద ఇంటిని ప్రభుత్వం ఆదుకొంటుంది, జనుల వైఖరి కొంత దయగలది. తేడాకు ఇవి కారణాలు కావచ్చునని ఆ పండితులు సూచించినారు. ఒకే కాలంలో పుట్టినవారు, ఒకే రకపు వియోగం, ఫలితం వేరు. అంటే ఈ పిల్లల భవిష్యత్తులో కొంతభాగమైనా చుట్టూ ఉన్న సంఘం చేతిలో ఉన్నది.

మన సంఘం ఏమంటున్నది? "తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?" అంటున్నది. సామెతలలో జాతి అనుభవం ఉంటుంది, నిజమే. జాతి తొందరపాటు కూడ వాటిలోనే ఉంటుంది. ఈ సామెత వినిపించినప్పుడల్లా ఒక పిల్లవానికి విచారణ లేకుండానే తీర్పు చెప్పడం జరుగుతున్నది. దూడ చేలోనికి పోయేది తల్లి పోయినందుకా, గట్టున గడ్డి లేనందుకా అని ఎవరూ అడగరు.

ఒకప్పుడు ఇదే సంఘం ఇదే జైలును వేరుదృష్టితో చూచినది. సహాయనిరాకరణ, ఉప్పుసత్యాగ్రహాల కాలంలో గోదావరిజిల్లాల ఇళ్ళనుండి ఎందరో జైళ్ళకు పోయినారు. వారి ఇళ్ళలో కూడ పస్తులు ఉన్నాయి, వియోగం ఉన్నది. కాని వారి పిల్లలు వీధిలో తలయెత్తుకొని తిరిగినారు. జవాహర్లాల్ నెహ్రూ 1930, 1933 సంవత్సరాల మధ్య చెరసాలలనుండి కుమార్తెకు వ్రాసిన లేఖలు ప్రపంచచరిత్ర గ్రంథమైనాయి. దేశంకోసం చెరకు పోవడం వేరు, నేరం చేసి పోవడం వేరు. ఆ భేదం తండ్రికి ఉన్నది. వియోగాన్ని అనుభవించే బిడ్డకు ఉండవలసిన పని లేదు. 1909లో రాజమహేంద్రవరంలో జన్మించిన దుర్గాబాయి ఉప్పుసత్యాగ్రహంలో చెరకు పోయినప్పుడు, నేరస్థులుగా ముద్రపడిన నిరక్షరాస్య స్త్రీల కథలు విని చలించినది. న్యాయశాస్త్రం చదువవలెనన్న సంకల్పానికి ఆ అనుభవం ఒక కారణమైనది. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమసంఘానికి ఆమెయే తొలి అధ్యక్షురాలు. దేశభక్తురాలి చెరకు, నేరస్థురాలి చెరకు మధ్య ఉన్న గోడను ఆమె దాటి చూచినది.

మన సాహిత్యం కూడ ఈ పిల్లలను అంతగా పట్టించుకొనలేదు. గోల్కొండ చెరలో భద్రాచల రామదాసు పాడినట్లు చెప్పే కీర్తనలు తెలుగునాట ప్రతి ఇంట వినిపిస్తాయి. పన్నెండేండ్లని ప్రసిద్ధమైన ఆ చెరకాలంలో అతని ఆలుబిడ్డలు ఎట్లా బ్రతికినారో అడిగినవారు అరుదు. పాట చెరలోపలినుండి వచ్చినది. చెరబయటి ఇంటికి పాట లేదు.

అయితే హతుని బిడ్డల మాటేమిటి, వారికంటె హంతకుని బిడ్డలు ఎక్కువా అని ఎవరైనా అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. హతుని బిడ్డలకు పరిహారం, ఆదరణ మొదట లభించవలె. చట్టంలో బాధితుల పరిహారానికి ఏర్పాటు కూడ ఉన్నది. కాని కరుణ ఒకరికి పంచితే మరొకరికి తరిగిపోయే ధాన్యం కాదు. తండ్రి చేతిలో తల్లి మరణించిన ఇంటిలో హతురాలి బిడ్డ ఎవరు, హంతకుని బిడ్డ ఎవరు? ఇద్దరూ ఒక్కరే.

ఈ బిడ్డకు ఇల్లు తరువాత ఇల్లు బడి. కనుక ఉపాధ్యాయుని పాత్ర ఇందులో చాల గొప్పది. కష్టమైనది మాత్రం కాదు. ములాఖత్ దినాన బడికి రాని పిల్లవానిని తరగతిలో అందరిముందు కారణం అడుగకుండ ఉండవచ్చును. తలిదండ్రుల సమావేశానికి నాయనమ్మ వస్తే ఆమెకే కుర్చీ వేయవచ్చును. తరగతిలో కలమో, డబ్బో పోయినప్పుడు మొదట అతని సంచి వెదకకుండ ఉండవచ్చును. 'మా నాన్న' అనే వ్యాసం వ్రాయుమన్నప్పుడు, 'నాకు ఇష్టమైన పెద్దలు' అనే మరొక శీర్షిక కూడ ఇవ్వవచ్చును. తెలుగు పాఠంలో లేఖారచన ఉన్నది. కల్పిత మిత్రునికి కల్పిత విహారయాత్రను వర్ణించే పిల్లవాడు, కోరుకొంటే, నిజమైన తండ్రికి నిజమైన లేఖ వ్రాయవచ్చును. జైలు అధికారులు చదివి అందజేస్తారు. ఆ లేఖకు మార్కులు అక్కరలేదు. తరచుగా కన్నీరు, నిద్రలేమి, చదువులో హఠాత్తుగా వెనుకబాటు కనిపిస్తే 1098కి గాని, మానసికారోగ్య సహాయానికి 14416కు గాని ఫోనుచేసి సలహా పొందవచ్చును.

విద్యార్థులు చేయదగినది ఇంకా సులభం. నిజం తెలిసినవాడు దానిని తగవులాటలో రాయిగా విసరకుండ ఉంటే చాలు. భోజనవేళ పక్కన కూర్చుంటే మరీ మేలు.

ప్రభుత్వం చేయదగినవి కూడ స్పష్టంగానే ఉన్నాయి. ఢిల్లీ ప్రభుత్వం 2014లో ఖైదీల పిల్లల పోషణకు, చదువునకు ప్రత్యేక పథకం ప్రకటించినది. కేరళలో ఖైదీల పిల్లలకు విద్యాసహాయం ఇస్తున్నారు. 2015 నాటి బాలల న్యాయచట్టం, తలిదండ్రులుండి కూడ సంరక్షణ పొందలేని బిడ్డను బాలల సంక్షేమసమితి దృష్టికి తేవచ్చునంటున్నది. 2022 నాటి మిషన్ వాత్సల్య నియమాలలో అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల సహాయం ఉన్నది. ఆ సహాయాన్ని ఖైదీబిడ్డ దగ్గరకు చేర్చే దారి మాత్రం ఏర్పడలేదు. ఒక మనిషి జైలుగడప దాటినప్పుడు అతని ఒంటిమీది పుట్టుమచ్చలు వ్రాసికొంటారు. ఆ పక్కనే మరొక్క ప్రశ్న అడిగి, 'ఇంట పిల్లలెందరు, ఎవరి దగ్గర ఉన్నారు' అని వ్రాసి, ఆ కాగితాన్ని బాలల సంక్షేమసమితికి పంపితే దారి ఏర్పడుతుంది. ఉచిత న్యాయసహాయం నిర్బంధంలో ఉన్న ప్రతివానికి 1987 నాటి చట్టమిచ్చిన హక్కు. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత ప్రకారం, మరణశిక్షగాని యావజ్జీవంగాని విధింపదగని కేసులలో ఇదివరకెన్నడూ ఏ నేరంలోను దోషిగా తేలనివాడు గరిష్ఠశిక్షలో మూడవవంతు కాలం విచారణలోనే గడిపితే విడుదలకు అర్హుడు. ఇతర కేసులేవీ అతనిపై ఉండరాదు. ఈ హక్కు సకాలంలో అమలైతే ఎన్నో ఇళ్ళకు తండ్రి ముందుగా వస్తాడు.

తండ్రి చేసిన అప్పుకు సైతం కొడుకు తనకు సంక్రమించిన ఆస్తిమేరకే బాధ్యుడని నేటి న్యాయం చెబుతున్నది. తండ్రి చేసిన నేరానికి అంతమాత్రపు బాధ్యత కూడ లేదు. చట్టం ఒప్పుకొన్న ఈ సత్యాన్ని వీధి ఒప్పుకొనవలసి ఉన్నది. వీధికంటె ముందు ఒప్పుకొనదగినది తరగతిగది. హాజరుపట్టీలో ఆ పిల్లవాని పేరు కూడ అందరి పేర్లవలెనే ఉంటుంది. ఉపాధ్యాయుడు అందరి పేర్లు పిలిచే గొంతుతోనే ఆ పేరు కూడ పిలిస్తే, ఆ రోజుకు అతనిమీద వేరే శిక్ష ఏదీ లేనట్లే.